ఏడు లివర్ల బీగం, మూడు వారాలు

(అభిరుచి కోసం తాళంచెవి లేకుండా బీగాలు తీయడం నేర్చుకుంటున్న కొందరు తిరుపతిలో ఒక ఆదివారం సాయంత్రం కలిసినప్పుడు, రిటైరైన ఫిట్టర్ ఒకాయన చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. మైకు వద్దబ్బా, పాతిక మందికి మైకెందుకు. ఆ వెనక గోడకు ఆనుకోనుండే పిల్లోళ్లు ముందుకు రాండి. నాది సన్నగొంతు. ఆడిదాకా రాదు.

మొదలుపెట్టే ముందు మాటల పంచాయితీ ఒకటి తేల్చుకోవాల. మా కోడలిది గుంటూరు. పెళ్లైన కొత్తలో ఒకరోజు బయటికి పోతా "మామయ్యా, తాళాలు ఎక్కడున్నాయి?" అనింది. నేను లోపలికిపోయి రెండు బీగాలు తెచ్చి చేతిలో పెట్టినాను. ఆ పిల్ల నా మొహం చూస్తాది, నేను ఆ పిల్ల మొహం చూస్తా. ఆమె అడిగింది చెవులు. వాళ్లకు తలుపుకు వేసేదీ తాళమే, జేబులో వేసుకునేదీ తాళమే. (నవ్వులు) మనకు అట్ల కాదు. వేసేది బీగం, తీసేది చెవి. ఈ సాయంత్రం అంతా నేను ఇట్లనే చెప్తా. చెవి అంటే తలకుండే చెవి కాదు. దాని అవసరమూ ఉండాది, తర్వాత వస్తాది.

ఇప్పుడు నిజం చెప్పండి. రెండు వారాలు దాటినా ఒక్క బీగం కూడా తీయలేకపోయినోళ్లు చెయ్యెత్తండి. సిగ్గుపడొద్దు. ఒకటి, రెండు... పదకొండు. ఇంకో ముగ్గురు ఎత్తాలా వద్దా అని ఆలోచిస్తా ఉన్నారు, వాళ్లనూ కలిపితే పద్నాలుగు. (నవ్వులు)

మీకొక సంగతి చెప్తా. లండన్‌లో బ్రామా అని ఒక బీగాల తయారీదారు ఉండేవాడు. 1790లో తన అంగడి అద్దంలో ఒక బీగం పెట్టి, దీన్ని తీసేటట్టు పనిముట్టు చేసినోడికి 200 గినీలు ఇస్తానని బోర్డు రాసినాడు. అరవై ఏళ్లు ఆ బోర్డు అట్లనే ఉండిపోయింది. 1851లో లండన్‌లో పెద్ద ప్రదర్శన జరిగినప్పుడు అమెరికా నుంచి హాబ్స్ అనే ఆయన వచ్చినాడు. చబ్ కంపెనీ బీగాన్ని అర్ధగంట లోపలే తీసి చూపించినాడు. ఆ తర్వాత ఈ బ్రామా బీగం మీద కూర్చున్నాడు. పదహారు రోజులు పట్టింది. చేతిపని గంటలు లెక్కేస్తే 51. అది పొట్టకూటికి బీగాలు తీసేవాడి లెక్క. మనం ఆఫీసు నుంచి వచ్చి, టీ తాగి, టీవీ ముందు కూర్చోని పది నిమిషాలు గెలికి, "నా చేతికి ఇది రాదు" అంటే ఎట్ల?

సరే, పని గురించి మాట్లాడే ముందు రెండు కట్టుబాట్లు. ప్రపంచంలో ఈ అభిరుచి ఉండే ప్రతిచోటా ఇవే రెండు. మనది కాని బీగం మీద చెయ్యి పెట్టకూడదు, దాని సొంతదారు ఎదురుగా నిలబడి సరే అంటే తప్ప. రెండోది, వాడుకలో ఉండే బీగం మీద నేర్చుకోకూడదు, అది మనదైనా సరే. మొదటిది ఎందుకో చెప్పక్కరలేదు. రెండోది ఎందుకని నాకూ అర్థం కాలేదు మొదట్లో. నా ఇంటి తలుపు, నా బీగం, నా ఇష్టం అనుకున్నా.

ఒక శుక్రవారం మా ఇంటావిడ పక్కింటోళ్లతో తిరుచానూరు అమ్మవారి గుడికి పోయింది. నేను వీధి తలుపుకుండే నైట్ ల్యాచ్ సిలిండరు, అదే చెవి దూర్చే గుండ్రటి భాగం, దాని మీద కూర్చున్నా, బయటవైపు, పీట వేసుకోని. అదృష్టం బాగుండి పావుగంటలో తిరిగింది. ఆ సంతోషంలో ఇంకా తిప్పినా, ఇంకా తిప్పినా. సగం చుట్టు తిరిగేసరికి ఆగిపోయింది. ముందుకు రాదు, వెనక్కి రాదు. జరిగిందేమంటే, సిలిండరు లోపల చెవితోపాటు తిరిగే దిమ్మను ప్లగ్గు అంటారు, దాన్ని తిరక్కుండా ఆపే చిన్న ముక్కలు పిన్నులు. ప్లగ్గు సగం తిరిగినప్పుడు చెవి దూర్చే సందు అడుగుభాగం సరిగ్గా పిన్నుల కిందికి వచ్చింది. పైన ఉండే పిన్నులు స్ప్రింగు తోసేసరికి ఆ సందులోకి దిగి కూర్చున్నాయి. ఇప్పుడు అసలు చెవి పెట్టినా దూరదు. చీకటి పడింది. నలుగురు ఆడవాళ్లు ప్రసాదం పొట్లాలతో గేటు కాడికి వచ్చినారు. నేను లుంగీతో, చేతిలో కమ్మీ ముక్కతో, నా ఇంటి తలుపు ముందు. (నవ్వులు)

బీగాలు రిపేరు చేసే ఆయన్ని పిలిపిస్తే, ఆయన చిన్న రేకుముక్క సందులో పెట్టి పిన్నులను పైకి నొక్కిపట్టి, ప్లగ్గు వెనక్కి తిప్పేసినాడు. నిమిషం పట్టలేదు. "పాతికేళ్లుగా తీస్తా ఉండా సార్, మూసిన బీగంతో అగచాట్లు పడేవాళ్లను చూసినా గానీ, తెరిచిన బీగంతో పడేవాళ్లను ఇప్పుడే చూస్తా ఉండా" అన్నాడు. డబ్బులు వద్దన్నాడు. అదే ఎక్కువ బాధ.

ఇప్పుడు ఆ పద్నాలుగు మంది విషయానికి వస్తా. మీలో కనీసం నలుగురైదుగురి కష్టం చేతిలో లేదు, కొన్న బీగంలో ఉండాది. ఎట్ల తెలుసంటే, నేనూ అట్లనే మొదలుపెట్టినా కాబట్టి.

రిటైరైన కొత్తలో ఫోన్లో వీడియోలు చూసినా. చక్కగా, వేరే దేశంవాళ్లు, రెండు సన్న కమ్మీలు పెడతారు, టిక్ టిక్ అంటాది, తెరుచుకుంటాది. ముప్పై రెండేళ్లు ఫిట్టరు పని చేసినోణ్ణి, ఇదేమంత పని అనుకున్నా. ఆన్‌లైన్లో పనిముట్ల సెట్టు తెప్పించినా. గాంధీ రోడ్డులో హార్డ్‌వేర్ అంగడికి పోయి "మంచి బీగం ఇవ్వప్పా" అన్నా. ఆయన మంచిదే ఇచ్చినాడు, ఏడు లివర్లది. ఒంటి మీద పోతపోసినట్టు రాసే ఉండాది, ఏడు లివర్లు అని. ఆ రాసినదానికి అర్థమేందో నేను ఆలోచించలా. మూడు వారాలు, పొద్దున ఒక గంట, రాత్రి ఒక గంట దాంతో పోరాడినా. వీడియోలో చెప్పిన ఒక్క సంగతీ తగల్లేదు. టిక్కు లేదు, కదలిక లేదు. లోపల ఏదో మెత్తగా పైకి లేస్తాది, వదిలితే కిందికి వస్తాది, అంతే.

ఎందుకు తగుల్తాదబ్బా? అది వేరే జాతి. వీడియోలో ఉండేది పిన్నుల బీగం. మన దేశంలో ఇండ్లకూ, గోడౌన్లకూ, అంగళ్ల షట్టర్లకూ వేసే బీగాల్లో చానా భాగం లివర్లవి. లివర్ల బీగంలో సన్న రేకులు ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కోచోట గంటు కోసి ఉంటారు. చెవి తిరుగుతా ఆ రేకులన్నిటినీ సరైన ఎత్తుకు లేపితే గంట్లన్నీ ఒక వరసకు వస్తాయి, అప్పుడు గడియ మీదుండే మొట్టె ఆ గంట్లలో నుంచి జారిపోతాది. ఒక్క రేకు తక్కువ లేచినా కుదరదు, ఎక్కువ లేచినా కుదరదు. ఇంగ్లండులో బారన్ అనే ఆయన 1778లో పేటెంటు తీసుకున్న ఉపాయం ఇదే. దాన్ని చెవి లేకుండా తీయాలంటే వేరే పనిముట్లు, వేరే పద్ధతి. మీ సెట్టులో ఉండే హుక్కుతో, ఎల్ ఆకారం కమ్మీతో ఆ పని కాదు. చెరుకు గెడ నరకడానికి బ్లేడు తీసుకొనిపోయినట్టు. బ్లేడు తప్పు కాదు, చెరుకూ తప్పు కాదు.

గుర్తుపట్టడం ఎట్ల అంటారా? బీగాన్ని చూడొద్దు, చెవిని చూడండి. గుండ్రంటి కాడ ఉండి, చివర చిన్న జెండా మాదిరి రేకు, ఆ రేకుకు మెట్లు మెట్లుగా కోతలు ఉంటే అది చానావరకు లివర్లది. పక్కన పెట్టేయండి. పలచగా బద్దమాదిరి ఉండి, ఒకవైపు అంచు మాత్రం ఎత్తుపల్లాలుగా, ఈ కిటికీలో నుంచి మన కొండల వరస కనపడతా ఉండాదే, అట్ల కోసి ఉంటే అది పిన్నులది. మనకు కావాల్సింది అదే. బద్ద మీద కోతలకు బదులు చిన్న చిన్న గుంతలు ఉంటే, దాన్నీ రెండేళ్ల తర్వాత చూద్దాం.

ఏది కొనాలని అడుగుతా ఉంటారు. చిన్న ఇత్తడి బీగం, 40 మిల్లీమీటర్లది, పళ్లచెవిది, సరిపోతాది. కొండ మీద లాకరుకు వేసుకోవడానికని యాత్రికులు కొనే బుల్లి బీగాలు మాత్రం వద్దు. లోపల ఎంత వదులుగా ఉంటాదంటే, అది తెరుచుకున్నా మీరు ఏమీ నేర్చుకోరు. అన్నిటికంటే మంచిది ఇంకొకటి ఉండాది, పైసా ఖర్చు లేదు. తలుపుల పని చేసే కార్పెంటరును అడగండి. పాత నైట్ ల్యాచ్‌లు మార్చేటప్పుడు ఊడదీసిన సిలిండర్లు చెవులతో సహా ఆయన సంచిలో పడుంటాయి. వాటిని విప్పి లోపల చూసుకోవచ్చు, మళ్లీ కూర్చుకోవచ్చు. ప్యాడ్‌లాకు అయితే చానావాటిని విప్పలేం.

ఎవరో పారదర్శకం బీగం గురించి అడగాలనుకుంటా ఉన్నారు. నువ్వేనా అమ్మా? సెట్టుతోపాటు వచ్చిందా, అద్దంమాదిరి? ఒకసారి చూడు, లోపల ఏం జరుగుతాదో అర్థం చేసుకో, తర్వాత మీ తమ్ముడికి ఆడుకోవడానికి ఇచ్చేయ్. దాంట్లో పిన్నులు వదులుగా ఉంటాయి. పైగా కంటికి కనపడతా ఉంటే వేలు పని చెయ్యదు. ఈ విద్యలో కన్ను అడ్డం.

సరే, పిన్నుల బీగం లోపల ఏముందో చెప్తా. బోర్డు మీద గీస్తే బాగుంటాది గానీ నా బొమ్మలు చూస్తే మీరు ఇంకా తికమక పడతారు. బీగం ఒంటి లోపల ఇత్తడి దిమ్మ ఒకటి తిరుగుతాది. దాన్ని ప్లగ్గు అంటారు, చెవి దూరేది దాంట్లోకే. ఒంటి నుంచి ప్లగ్గులోకి నిలువుగా బెజ్జాలు, మామూలుగా ఐదు. ఒక్కో బెజ్జంలో రెండు పిన్నులు ఒకదాని మీద ఒకటి, ఆ పైన స్ప్రింగు. చెవి లేనప్పుడు పైపిన్ను సగం ఒంట్లో, సగం ప్లగ్గులో అడ్డంపడి ఉంటాది. ఇంట్లో తలుపుకు వేసే అడ్డగడియ ఎట్లనో అట్ల. సరైన చెవి పెడితే ఐదు జంటల్లోనూ పైపిన్నూ కిందిపిన్నూ విడిపోయే చోటు సరిగ్గా ప్లగ్గు అంచుకు వస్తాది. ప్లగ్గు తిరుగుతాది. ఈ ఉపాయం కొయ్య బీగాల కాలం నుంచీ ఉండేదే. దాన్ని ఇప్పుడు మన జేబులో ఉండే పలచటి చెవి రూపానికి తెచ్చింది అమెరికాలో యేల్ అనే ఆయన, 1860ల్లో.

ఇప్పుడు అసలు కిటుకు. ఐదు బెజ్జాలూ ఒకే గీత మీద ఉండాల. ఉండవు. నేను ముప్పై రెండేళ్లు డ్రిల్లింగు మిషన్లు చూసినోణ్ణి, నన్నడగండి. వెంట్రుకలో పదోవంతో ఇరవయ్యోవంతో అటూఇటూ జరుగుతాది. అందుకే ప్లగ్గును కొద్దిగా తిప్పి పట్టుకుంటే ఐదు పిన్నులూ ఒకేసారి ఒరుసుకోవు. అన్నిటికంటే ముందు ఒక్కటి ఒరుసుకుంటాది. మిగతా నాలుగూ స్వేచ్ఛగా ఆడతా ఉంటాయి. ఆ ఒక్కదాన్ని వెతికి పైకి లేపితే, దాని పైపిన్ను అంచు దాటి ఒంట్లోకి పోయి కూర్చుంటాది, ప్లగ్గు వెంట్రుకంత తిరుగుతాది. అప్పుడు ఇంకొకటి ఒరుసుకుంటాది. వరస ఒకటి, రెండు, మూడు అని ఉండదు. మూడు, ఒకటి, ఐదు, రెండు, నాలుగు అని ఉండొచ్చు. ఏ బీగానికి ఆ బీగమే. చేసినవాడి చెయ్యి వణుకే మనకు దారి. వాడు తప్పు చెయ్యకుండా ఉండుంటే ఈరోజు మనకు ఈ సమావేశం లేదు. (నవ్వులు)

ఇంతవరకు అందరికీ తెలుసు, వీడియోల్లో చూసినారు. మరి ఎందుకు రాలేదు? ఎడమచెయ్యి. నా దగ్గరికి వచ్చిన పదిమందిలో తొమ్మిది మందిది ఎడమచేతి జబ్బే. పిన్నులను లేపే హుక్కు పట్టుకున్న కుడిచేతి మీదే మీ ధ్యాసంతా. ఎడమచేత్తో పట్టుకున్న టెన్షన్ కమ్మీని, అదే ప్లగ్గును తిప్పి పట్టే కమ్మీని, మర్చిపోతారు. మర్చిపోయిన చెయ్యి బిగుసుకుంటాది. పిన్ను కదల్లేదని కోపం వస్తాది, కోపమంతా ఎడమచేతి వేలిలోకి దిగుతాది. అంత బలంగా తిప్పి పడితే ఒకటి కాదు, రెండు మూడు పిన్నులు ఒకేసారి ఒరుసుకుంటాయి. ఏది ముందో తెలీదు. దేన్ని నొక్కినా రాయిమాదిరి ఉంటాది. మీరు ఇంకా గట్టిగా నొక్కుతారు. హుక్కు వంగుతాది. నా మొదటి సెట్టులో మూడు హుక్కులు అట్లనే పోయినాయి.

ఎంత బలం పెట్టాలయ్యా అంటే అంకెల్లో చెప్పలేను. తోడు పెట్టిన పాలు పెరుగైందో లేదో చూడ్డానికి గిన్నెను కొంచెం వంచి చూస్తారు కదా, పెరుగు విరక్కుండా. అంత. లేదంటే మీ వేలిగోరు చూసుకోండి. గోరు కింద తెల్లబడిందా, మీరు ఎక్కువ నొక్కుతా ఉన్నట్టే. ఎర్రగా ఉండనీయండి.

మా ఇంటావిడ సంగతి చెప్పాల. నేను ఒక సిలిండరుతో నెలరోజులు కుస్తీ పడతా ఉంటే, ఆమె పక్కన కూర్చోని మల్లెపూలు కడతా ఉండేది. ఒకరోజు "ఏదీ ఇట్లియ్యి" అని తీసుకుంది. పది నిమిషాలకు తీసింది. నేను బిత్తరపోయినా. ఆలోచిస్తే ఏముందీ, పూలు కట్టేటప్పుడు దారం బిగువు చూడండి. ఎక్కువ లాగితే కాడ తెగుతాది, తక్కువైతే పువ్వు జారుతాది. నలభై ఏళ్లుగా ఆ చేతికి ఆ బిగువు తెలుసు. "ఇంకోటి ఇస్తా ఉండు" అన్నా. "తెరుచుకుంది కదా, ఇంక ఏముంది దాంట్లో?" అని మళ్లీ పూలు కట్టుకునింది. ఆ తర్వాత ఈరోజు వరకు బీగం ముట్టలేదు. (నవ్వులు)

కమ్మీ పెట్టే చోటు కూడా చూసుకోండి. సెట్టులో వచ్చే ఎల్ ఆకారం కమ్మీలు సందు అడుగున పెట్టేవి, లావుగా ఉంటాయి, సగం చోటు అవే తినేస్తాయి. హుక్కు తిరగడానికి జాగా ఉండదు. చెవి సందు పైభాగంలో, మొదటి పిన్నుకు ముందు కొంచెం చోటుంటాది, అక్కడ పలచటి బద్ద పెట్టండి. దానికి కార్ల మెకానిక్ షెడ్డుకు పోయి పాత వైపర్ బ్లేడు అడగండి. రబ్బరు లోపల స్టీలు బద్దీలుంటాయి, పొడుగ్గా. అంతకంటే మంచి టెన్షన్ కమ్మీ డబ్బు పెట్టినా రాదు.

హుక్కులు కూడా సొంతంగా చేసుకుంటామంటే హ్యాక్‌సా బ్లేడుతో చేసుకోవచ్చు. గ్రైండరు మీద పెట్టినప్పుడు మాత్రం మూడు సెకన్లకొకసారి నీళ్లలో ముంచండి. నీలం రంగు తిరిగిందా, ఆ ముక్కలో పదును చచ్చిపోయినట్టే, వంగిపోతాది. కొన్న చవక సెట్టయినా సరే, అంచులు గరుగ్గా ఉంటాయి, పిన్నుల మీద గీరుకుంటా పోతాయి. ఆ గీరుడే మీకు పిన్ను కదిలినట్టు అనిపిస్తాది. 400 నంబరు ఎమరీ కాగితంతో మొదలుపెట్టి 1000 దాకా రుద్దండి. ఒక సాయంత్రం పని. రెండు వారాల దుఃఖం తగ్గిస్తాది.

ఇంకొకటి. మనోళ్లు బీగం గట్టిగా ఉంటే కొబ్బరినూనె పోస్తారు. పొయ్యొద్దు. రెండు రోజులు జారుతాది, తర్వాత దుమ్ము పట్టి జిగురవుతాది. గ్రాఫైటు పొడి వెయ్యండి. లేకపోతే పెన్సిలు ముల్లు అరగదీసిన పొడి అయినా మేలే.

ఇంక రేక్ అనే పనిముట్టు గురించి. రంపంపళ్లమాదిరి ఉండే ఆ కమ్మీని లోపల పెట్టి గబగబా ఆడిస్తే కొన్ని బీగాలు మొదటిరోజే తెరుచుకుంటాయి. ఇంటిల్లిపాదినీ పిలిచి చూపిస్తారు. వాళ్ల ముందు మళ్లీ తెరుచుకోదు. (నవ్వులు) అది తప్పని నేను అనను. లాటరీ తగిలినోడు డబ్బు సంపాదించినట్టే కదా. సంపాదించడం నేర్చుకున్నట్టు కాదు. నేను ఇక్కడికి వచ్చే పిల్లలకు మొదటి నెల ఆ రేక్ ఇవ్వను. మీరు వేరేగా అనుకుంటే మీ ఇష్టం.

మరి ఏం చెయ్యాల? వేలికి నేర్పాల. పిన్ను మూడు తీర్లుగా ఉంటాది. ఊరికే ఎగిరేది, స్ప్రింగు తప్ప ఇంకేమీ తగలదు. ఒరుసుకున్నది, బిగువుగా, మొండికేసినట్టు. కూర్చున్నది, నొక్కితే కొంచెం ఆడి ఆగిపోతాది, కింద స్ప్రింగు ఒత్తిడి ఉండదు. ఈ మూడూ వేరువేరని వేలికి తెలిసేంతవరకు బీగం తీయాలనే ఆలోచనే పెట్టుకోవద్దు. టెన్షన్ లేకుండా హుక్కు పెట్టి లెక్కపెట్టండి, ఎన్ని పిన్నులో. నాలుగని ఒకసారి, ఐదని ఒకసారి వస్తే మీ వేలు ఇంకా నిద్రలో ఉండాది. తర్వాత పిన్నులన్నిటినీ పైకి లేపి, టెన్షన్ పట్టి, కమ్మీని మెల్లమెల్లగా వదలండి. టక్... టక్... అని పడతాయి. ఆ పడే చప్పుడు వినండి. ఇదిగో, ఇందాక చెప్పిన ఆ తలచెవి అవసరం ఇక్కడ.

ఆ సిలిండరు విప్పి, ఒకే ఒక్క పిన్నుల జంట పెట్టి మూసి తీయండి. తర్వాత రెండు. తర్వాత మూడు. విప్పేటప్పుడు ప్లగ్గు వెనక అదే లావు ఉండే కడ్డీ తోసుకుంటా రావాల, లేకపోతే స్ప్రింగులు ఎగిరిపోతాయి. నా స్ప్రింగు ఒకటి వారం తర్వాత పప్పుల డబ్బాలో దొరికింది. ఎట్ల పోయిందో దేవుడికే తెలుసు. పెద్ద పాలిథిన్ సంచి లోపల చేతులు పెట్టి విప్పండి.

ఎక్కువ లేపేయడం అని ఒక జబ్బు ఉండాది. పైపిన్నుతో పాటు కిందిపిన్నును కూడా అంచు దాటించి ఒంట్లోకి నెట్టేస్తారు. ఇక అది అడ్డం. మిగతావి ఎన్ని చేసినా తిరగదు. అప్పుడు ఏమీ లేదు, వదిలేసి మొదటి నుంచి. వదలడానికి మనసు రాదు, అంతే. నాలుగు కూర్చోబెట్టినా కదా, ఈ ఒక్కటీ ఎట్లనో సర్దుదాం అని అర్ధగంట కూర్చుంటారు. వదలండబ్బా. వదిలి మళ్లీ చేస్తే ఐదు నిమిషాలు.

(ఒకరి ప్రశ్న: సార్, నాది కొంచెం తిరిగి ఆగిపోతా ఉంది. అన్నీ కూర్చున్నట్టే ఉన్నాయి, ఇంక ఒక్క పిన్నూ కదలదు.)

ఎంత తిరిగింది, చూపించు. ఆ... అంతనా? భేష్. నీకు శుభవార్త. ఈ గదిలో అందరికంటే నువ్వే ముందుండావు. అది స్పూల్ పిన్ను. దారం చుట్టే రీలుమాదిరి నడుం సన్నగా, రెండు కొసలూ లావుగా ఉండే పైపిన్ను. బీగం చేసేవాళ్లు కావాలనే పెడతారు, మనలాంటోళ్ల కోసమే. ఆ సన్న నడుం అంచుకు చిక్కుకుంటే ప్లగ్గు బాగా తిరుగుతాది, అంతా అయిపోయినట్టు అనిపిస్తాది. దాన్నే ఫాల్స్ సెట్ అంటారు. నేను దీని దగ్గర రెండు నెలలు ఆగిపోయినా. బీగం పాడైందనుకోని ఇంకోటి కొన్నా. అదీ అట్లనే ఆగింది.

ఇక్కడ చెయ్యాల్సిన పని మనసుకు ఎదురుగా ఉంటాది. ఒక్కో పిన్నునూ మెల్లగా నొక్కుతా పో. ఒకదాని దగ్గర ప్లగ్గు వెనక్కి తిరగాలని చూస్తాది, నీ ఎడమవేలిని తోస్తాది. ఇన్ని రోజులు ముందుకు తిప్పాలని తపించినోడివి, అది వెనక్కి పోతా ఉంటే గట్టిగా ఆపుతావు. ఆపొద్దు, పోనియ్యి. కొండ మీద క్యూలో కాలు ఇరుక్కుంటే ముందుకు తోస్తే వస్తాదా? వెనకాయన అరంగుళం జరిగితే వస్తాది. అట్ల ఆ లావు కొస జారిపోయేంత సందు ఇవ్వాల. పూర్తిగా వదిలేస్తే మాత్రం అన్నీ పడిపోతాయి. కొన్నిసార్లు ఆ వెనక్కి తిరగడంలో కూర్చున్న ఇంకో పిన్ను పడిపోతాది కూడా. పడనియ్యి, మళ్లీ కూర్చోబెట్టుకో. రెండడుగులు వెనక్కి పోతే గానీ మూడోది ముందుకు పడదు ఈ బీగంలో. నాకు ఇది చేతికి తెలిసిన రాత్రి పదకొండున్నర అయింది. లేపి చెప్పడానికి ఎవరూ లేరు. బయటికిపోయి అరుగు మీద కూర్చున్నా కాసేపు.

(ఇంకొకరి ప్రశ్న: నాకు అరవై ఎనిమిది. కంటి ఆపరేషన్ అయింది. నేర్చుకోవచ్చునా?)

అయ్యా, నాకు డెబ్బై. కళ్లు మూసుకోని నేర్చుకోండి, ఇంకా తొందరగా వస్తాది. వేళ్లు వణక్కుండా ఉంటే చాలు. చిన్న బెంచి వైసుకు బీగం బిగించుకుంటే ఆ వణుకు కూడా సర్దుకుంటాది. ఒకేసారి ఇరవై నిమిషాలకంటే కూర్చోవద్దు. ఆ తర్వాత వేలికి ఏమీ తెలీదు, మొద్దుబారిపోతాది. నిన్న తెరుచుకున్న బీగం ఈరోజు తెరుచుకోకపోతే కూడా అదే కారణం చానాసార్లు.

(ఒక విద్యార్థి: సార్, పోలీసులు చూస్తే?)

మంచి ప్రశ్న. సంచిలో ఇవి వేసుకోని రాత్రిపూట వీధుల్లో తిరగొద్దు. నేర్చుకునేది ఇంట్లో, లేకపోతే ఇక్కడ. కొండకు పోయేటప్పుడు సంచి ఒకసారి దులిపి చూసుకోండి. అలిపిరి తనిఖీ దగ్గర స్కానరులో హుక్కులు కనపడితే, "అభిరుచి సార్" అని మీరు చెప్పేలోపల మీ వెనక ఉండే బస్సంతా మిమ్మల్ని చూస్తా ఉంటాది. ఇరుగుపొరుగుకు ముందే చెప్పి పెట్టుకోండి. నేను చెప్పినా. చెప్పినందుకు ఒక బాధ వచ్చిందిలే, బీరువా చెవి పోయిందని నెలకొకరు వస్తారు. నేను తీయను. దానికి పొట్టకూటికి చేసేవాళ్లున్నారు, వాళ్ల నంబరే ఇస్తా. ఆరోజు డబ్బులు వద్దన్నాడే, ఆయనకు ఈ లెక్కన ఎన్ని పనులు పంపించినానో. (నవ్వులు)

చివరగా ఇది చూపించాల, అందుకే సంచిలో వేసుకోనొచ్చినా. మా అవ్వ భోషాణానిది, దిండిగల్లు బీగం. మామిడికాయ ఆకారం. చేత్తో చేసినది. మన చిత్తూరు పక్క పాత ఇండ్లలో ఇట్లాంటివి ఇప్పటికీ దొరుకుతాయి, ఆ ఊరి బీగాలకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చెవి మా నాయన కాలంలోనే పోయింది. భోషాణం ఎప్పుడో చెదలు తినేసింది, బీగం మాత్రం మూసుకొనే ఉండాది. లివర్లది. నాలుగేళ్లుగా ప్రయత్నిస్తా ఉన్నా. రెండు పనిముట్లు సొంతంగా చేసినా. మూడు లివర్లు ఎక్కడ నిలవాలో తెలిసింది, నాలుగోది తెలీలా. పట్టుకోని చూడండి, పక్కోళ్లకు ఇవ్వండి. గట్టిగా లాగొద్దు.

ఇంక మాటలు చాలు. అందరూ మీ మీ బీగాలు బల్ల మీద పెట్టండి, చెవులు మాత్రం తీసి నా ముందు ఈ పళ్లెంలో వేయండి. ఆ స్పూల్ బాబు, నువ్వు ఇటొచ్చి నా పక్కన కూర్చో. బాబూ, ఆ ఫ్యాన్లు ఆపేయ్. ఉక్కపోస్తాది, తెలుసు. చప్పుడు వినపడాల.